నల్లగొండ క్లాక్ టవర్ నుంచి 1504 ఫ్లోరెన్స్‌కి: పిల్లల్ని ఈ కథల క్యాంపుకు పంపే ముందు చదవండి

ఈ మే నెలలో నల్లగొండలో రెండు వారాలు నడిచిన ఒక పిల్లల క్యాంపు గురించి రాస్తున్నాను. మా పాప ఐదో తరగతి అయిపోయి ఆరుకు వెళ్తోంది. మా అక్క కొడుకు మిర్యాలగూడ నుంచి సెలవులకు వచ్చాడు, వాడిది ఎనిమిదో తరగతి. ఇద్దరినీ పంపాం. దసరా సెలవుల్లో మళ్లీ బ్యాచ్ పెడతారని తెలిసి చాలామంది ఫోన్ చేసి ఎట్లుంది, పంపొచ్చా అని అడుగుతున్నారు, అందుకే ఒకేచోట వివరంగా రాస్తున్నాను.

దీనికి బోర్డు లేదు, పాంప్లెట్లు పంచలేదు. ఒక ఇంటి పై అంతస్తులో హాలు, దాన్ని ఆనుకుని వరండా, గోడల పొడవునా పిల్లల పుస్తకాలు. నడిపేది ఒక రిటైర్డ్ టీచరమ్మ, బొమ్మలు వేయడం చదువుకున్న ఆమె తమ్ముడు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయను. పిల్లలంతా మేడం, సార్ అంటారు, నేనూ అట్లే రాస్తాను. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా. మొదటి గంట మేడం కథ చెబుతారు, మిగతా సమయమంతా ఆ కథలో ఆ రోజు వచ్చిన పనిని పిల్లలు సార్‌తో కలిసి తమ చేతులతో చేస్తారు. ఇదే ఈ క్యాంపు ప్రత్యేకత, నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా ఇదే.

కథేమిటంటే, నల్లగొండలో ఒక అన్న, ఒక చెల్లె. ఒకరోజు రాత్రి క్లాక్ టవర్ గడియారం ఆగిపోయిందని చూడటానికి దగ్గరికి పోతే కింద ఒక చిన్న తలుపు తెరిచి ఉంటుంది. లోపలికి దూరి అటువైపు బయటపడేసరికి 1504 మే నెల, ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం. ఎదురుగా కొందరు ఒక ద్వారం పైనున్న గోడను పగలగొడుతున్నారు. ఎందుకంటే లోపల చెక్కిన విగ్రహం ఆ ద్వారంలోంచి బయటికి పట్టడం లేదు. ఆ విగ్రహం మైఖేలాంజెలో అనే శిల్పి చెక్కిన డేవిడ్, ఎత్తు 17 అడుగులు, బరువు ఐదారు టన్నులు. గోడ పగలగొట్టిన సంగతి కల్పన అనుకున్నాను గానీ నిజమేనట, అదే ఊళ్లో ఉన్న ఒకాయన అప్పట్లోనే తన డైరీలో రాసుకున్నాడు. మే 14న బయటికి తీశారు, గ్రీజు పూసిన దుంగల మీద నలభై మందికి పైగా మనుషులు లాగితే ఊరి మధ్యనున్న చౌక్‌కి చేరేసరికి నాలుగు రోజులు పట్టింది, రాత్రిపూట ఎవరో విగ్రహం మీద రాళ్లు విసిరితే కాపలా పెట్టాల్సి వచ్చింది. మేడం ఈ కాపలా దగ్గరే కథ ముడి వేశారు. అన్నాచెల్లెళ్లకు ఆ రాత్రి కాపలావాళ్లతో కలిసి కూర్చునే పని పడుతుంది, రాళ్లేసింది ఎవరో కనిపెట్టాలి, తెల్లారేలోగా క్లాక్ టవర్ తలుపు దొరకాలి. మా ఇద్దరూ ఇంటికొచ్చి మధ్యాహ్నం అన్నం తింటూ కూడా రాళ్లు ఎవరేసి ఉంటారనే వాదన, మా పాపకైతే ఆ తలుపు మూసుకుపోతుందేమోనని ఒకటే టెన్షన్.

1504నే ఎందుకు తీసుకున్నారని నేను మేడంని అడిగాను. ఆమె చెప్పింది విన్నాక ఆ ఎంపిక ఎంత ఆలోచించి చేసిందో అర్థమైంది. ఆ ఒక్క ఏడాది ఆ ఒక్క ఊళ్లో ముగ్గురు పెద్ద కళాకారులూ ఉన్నారు. లియోనార్డో డావిన్సీకి 52 ఏళ్లు, మైఖేలాంజెలోకి 29, రాఫెల్‌కి 21. డేవిడ్‌ని ఎక్కడ నిలబెట్టాలో తేల్చడానికి ఆ జనవరిలో పెట్టిన మీటింగులో లియోనార్డో, బొట్టిచెల్లి అనే ఇంకో చిత్రకారుడు ఇద్దరూ కూర్చున్నారు. ఆ రోజుల్లోనే పట్టణ సభా మందిరంలో లియోనార్డోకి ఒక యుద్ధం బొమ్మ, మైఖేలాంజెలోకి ఇంకో యుద్ధం బొమ్మ అప్పజెప్పారు. రాఫెల్ అప్పుడే ఆ ఊరికి వచ్చి వీళ్లిద్దరి పని చూసి నేర్చుకుంటున్న కుర్రాడు. కథ రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి, మనుషులంతా ఒకే బజారులో ఎదురుపడతారు.

ఎదురుపడితే ఏమవుతుందో కూడా మేడం దాచలేదు. లియోనార్డో, మైఖేలాంజెలో నడిబజారులో మాటామాటా అనుకున్న సంఘటన ఒకటి పాత రాతల్లో ఉంది. గుర్రం విగ్రహం పోత పోస్తానని మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయావు కదా అని చిన్నవాడు పెద్దాయన్ని నలుగురిలో దెప్పిపొడుస్తాడు. నిజానికి మిలాన్‌లో ఆ గుర్రానికని ఉంచిన కంచును యుద్ధం వచ్చి ఫిరంగులకు పంపేశారు, మట్టితో చేసిన నమూనాను తర్వాత ఫ్రెంచి సైనికులు బాణాలేసి పాడుచేశారు. అది విన్న మా అక్క కొడుకు "పిన్నీ, అంత పెద్దాయన్ని అట్ల అనొచ్చా? తప్పు ఆయనది కాదు కదా" అని నాతో గంటసేపు మాట్లాడాడు. ఇంట్లో ఫోన్ పట్టుకుంటే తల ఎత్తని పిల్లాడు ఐదు వందల ఏళ్ల కిందటి మనిషి తరఫున కొట్లాడుతుంటే నాకు చాలా సంతోషమేసింది.

నాకు అన్నిటికంటే నచ్చింది, ఈ కథలో ఎవరూ పుట్టుకతో గొప్పవాళ్లుగా రారు. అందరూ ముందు ఒక మేస్త్రి దగ్గర పనికి కుదిరిన పిల్లలుగా వస్తారు. నేల ఊడవాలి, రంగు నూరాలి, జిగురు కాచాలి, కుంచెలు కట్టాలి, చాలా కాలానికి గానీ బొమ్మ మీద చెయ్యి పెట్టనివ్వరు. మైఖేలాంజెలో గిర్లాండాయో అనే చిత్రకారుడి దగ్గర పనికి చేరింది 13 ఏళ్లకు, 1488లో. చదువు మానేసి బొమ్మల వెంట తిరుగుతున్నాడని తండ్రి, బాబాయిలు కొట్టేవాళ్లని శిష్యుడు కొండివి రాశాడు. ఈ మాట నేను పేరెంట్స్ అందరూ వినాలని రాస్తున్నాను. మన ఊళ్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నాం, డ్రాయింగ్ పీరియడ్‌లో మ్యాథ్స్ చెప్పించుకుంటున్నాం, అదే వయసు పిల్లల్ని కూర్చోబెట్టి చేతిపని కూడా చదువేనని రెండు వారాలు చూపించినవాళ్లు ఈ చుట్టుపక్కల నాకు ఇంకెవరూ కనపడలేదు.

లియోనార్డో కూడా అట్లే వెరోక్కియో అనే శిల్పి దగ్గర పనిచేసినవాడే. కథలో ఇక్కడ కాలం వెనక్కి పోతుంది. 1471లో ఫ్లోరెన్స్ పెద్ద చర్చి గోపురం కొసన రాగి గోళాన్ని ఎక్కించింది వెరోక్కియో. అప్పటికి లియోనార్డో 19 ఏళ్ల కుర్రాడు. ఆ గోళం పైకి పోతుంటే కింద నిలబడి కప్పీలు, తాళ్లు, పళ్ల చక్రాలు కాగితం మీద గీసుకుంటున్న ఎడమచేతి వాటం అబ్బాయిగా మన అన్నాచెల్లెళ్లకు ఆయన పరిచయమవుతాడు. మా పాపది ఎడమచేతి వాటం. ఆ రోజు ఇంటికొచ్చి అద్దం ముందు పెట్టుకుని కుడి నుంచి ఎడమకు తన పేరు రాసింది. ఆయన నోట్సంతా అట్లే తిప్పి రాసేవాడట, మిగిలినవే సుమారు 7 వేల పేజీలు. ఇంకోరోజు కథలో బజారులో పంజరాల్లో పిట్టల్ని కొని డబ్బులిచ్చి అక్కడికక్కడే వదిలేస్తున్న పెద్దాయన ఎదురైతే, ఎవరో చెప్పకముందే పిల్లలంతా "డావిన్సీ" అని అరిచారట. ఆ పిట్టల సంగతి వసారి అనే ఆయన రాసిన జీవితచరిత్రలో ఉంది.

ఇక పనుల సంగతి. మొదట గుడ్డు సొనతో రంగు. ఎరుపుకు జాజు, నలుపుకు దీపం మసి, తెలుపుకు సుద్ద. గుడ్డు పగలగొట్టి పచ్చసొనను తెల్లసొన నుంచి వేరుచేసి, అరచేతిలో అటూ ఇటూ దొర్లించి ఆరబెట్టి, పైపొరను రెండు వేళ్లతో పట్టుకుని కింద సూదితో గుచ్చితే లోపలిది గిన్నెలోకి జారుతుంది. దాంట్లో నీళ్లు కొంచెం, నూరిన రంగు కొంచెం. చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు ఆ రోజుల్లో పనివాళ్ల కోసం రాసిపెట్టిన సలహా ఒకటి ఉంది, పడుచువాళ్ల ముఖాలకు పట్నం కోడి గుడ్డు వాడాలి, ఎందుకంటే దాని సొన పాలిపోయి ఉంటుంది. ముసలివాళ్ల ముఖాలకు పల్లె కోడి గుడ్డు వాడాలి, అది ఎర్రగా ఉంటుంది అని. సార్ ఇది చెప్పి ఊరుకోలేదు, ఫారం గుడ్డు ఒకటి, నాటుకోడి గుడ్డు ఒకటి తెమ్మని పిల్లలకు చెప్పారు. మా అమ్మ కనగల్ దగ్గర పల్లెలో ఉంటుంది, ఆమెకు ఫోన్ చేసి "అమ్మమ్మా, నాటుకోడి గుడ్లు కావాలె, తినడానికి కాదు, నీ బొమ్మ వేయడానికి" అంది మా పాప. రెండు రంగులూ పక్కపక్కన పూస్తే తేడా కంటికి తెలుస్తుంది. ప్లైవుడ్ ముక్క మీద సుద్ద, జిగురు పూత పూసి దాని మీద వేసిన ఆ బొమ్మ మా ఇంట్లోనే ఉంది, రంగు చెక్కుచెదరలేదు.

నీలం రంగు మాత్రం వాళ్లకు ఇవ్వలేదు, చూపించారు. లాపిస్ లాజులీ రాయి అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల నుంచి వచ్చేదని, దాన్ని నూరి తీసిన నీలం బంగారంతో సమానంగా పలికేదని, అందుకే కాంట్రాక్టు కాగితంలోనే ఏ రకం నీలం వాడాలో రాయించుకునేవాళ్లని చెప్పారు. చిన్న రాయి ముక్క ఒకటి పిల్లల చేతుల్లో తిప్పారట. ఈ భాగం త్వరగా అయిపోయింది, ఇంకాస్త ఉంటే బాగుండేది.

దూరం, దగ్గర ఎట్లా గీయాలో నేర్పిన రోజు కూడా బాగుంది. ఒక కన్ను మూసుకుని, తల కదలకుండా కిటికీ అద్దం మీద మార్కర్‌తో ఎదురు వీధిని ఉన్నది ఉన్నట్టు గీయడం, ఆ తర్వాత దారాలతో గళ్లు కట్టిన చట్రంలోంచి చూసి గళ్ల కాగితం మీద దించడం. ఆ దారాల చట్రం గురించి ఆల్బెర్టి అనే ఇటలీ పండితుడు 1435లోనే రాశాడు. మా పాపకు కరెంటు స్తంభాలు దూరం పోయేకొద్దీ ఎందుకు పొట్టిగా, దగ్గరదగ్గరగా అవుతాయో ఆ రోజు తెలిసింది.

గోపురం రోజున మా మామయ్య కూడా వెళ్లారు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా మేస్త్రి పని చేసినాయన. పాప వచ్చి "తాతా, సెంట్రింగ్ లేకుండా గోపురం కట్టిండంట" అంటే ఆయన నమ్మలేదు, చూద్దాం పద అని మర్నాడు ఆయనే దింపడానికి పోయారు. ఫ్లోరెన్స్ పెద్ద చర్చి మీద బ్రూనెల్లెస్కి అనే వాస్తుశిల్పి 1420లో మొదలుపెట్టి 1436లో ముగించిన ఆ గోపురం అడుగున 40 మీటర్లకు పైగా వెడల్పు. కింద నుంచి చెక్క సెంట్రింగ్ వేయాలంటే అంత కలప, అంత ఎత్తున, కుదరని పని. ఆయన లోపల ఒకటి, బయట ఒకటిగా రెండు గోపురాలు కట్టుకుంటూ, ఇటుకల్ని చేప ముల్లులాగా అడ్డం నిలువు కలిపి పేర్చుకుంటూ పోయాడు. ఆ నిలువు ఇటుకలు పక్క ఇటుకల్ని జారనివ్వవు, ఒక వరుస చుట్టూ కలుసుకునేసరికి అది తనంతట తానే నిలబడుతుంది. సామాను పైకి లాగే యంత్రాన్ని ఎద్దులు తిప్పేవి. దానికి రివర్స్ గేరు ఉండేది, బరువు దించాల్సి వచ్చినప్పుడు ఎద్దుల కాడి విప్పి అటు తిప్పి కట్టాల్సిన పని లేదు. మా మామయ్య ఈ రివర్స్ గేరు దగ్గర ఆగిపోయారు. ఇంటికొచ్చి మా ఆయనకు, పక్కింటాయనకు, అందరికీ చెప్పారు.

ఆయన వెళ్లడం వల్లే క్యాంపులో ఒక పెద్ద లోపం బయటపడింది. తడి సున్నం మీద బొమ్మ వేసే పద్ధతి, అదే ఫ్రెస్కో, చేయించారు. సున్నం గిలాబు తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగు వేయాలి, అది ఆరేకొద్దీ సున్నం గాలిని పీల్చుకుని రాయిలా గట్టిపడి రంగును తనలో పట్టేసుకుంటుంది. అందుకే ఒక రోజులో ఎంత బొమ్మ వేయగలరో అంత మేరకే గిలాబు చేసేవాళ్లు. రోమ్‌లో సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం కప్పు మీద మైఖేలాంజెలో వేసిన ఆదాము బొమ్మ అట్లా నాలుగు రోజుల పని. చెప్పింది అంతా సరిగ్గానే చెప్పారు గానీ, పిల్లలు చేసిన పలకలన్నీ తెల్లారేసరికి బీటలు వారాయి, రంగు పొడిపొడిగా రాలింది. కొంతమంది పిల్లలు ఏడ్చారు. బజారులో దొరికిన సున్నం పొడిని ముందురోజు సాయంత్రం నీళ్లలో కలిపి అట్లే వాడారు, ఇసుక కూడా తక్కువేశారు. మా మామయ్య చేతిలోకి తీసుకుని చూసి "సున్నం నానలేదమ్మా, ఇట్ల ఉంటే గోడకు పట్టదు, పిల్లలకు ఎట్ల పడతది" అన్నారు.

మేడం గొప్పతనం ఏమిటంటే, ఆ మాటకు చిన్నబుచ్చుకోలేదు. మీరే వచ్చి చూపించండి బాబాయ్ అని అడిగారు. ఆయనకు తెలిసినచోట వారాల తరబడి నీళ్లలో నానిన సున్నం ఉంటే తెప్పించారు, జల్లించిన ఇసుక కలిపి తాపీతో రెండు పూతలు వేయడం చూపించారు, డంగు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు ఎందుకు పోసేవాళ్లో చెప్పారు. అప్పుడు సార్ పిల్లలకు ఇంకో సంగతి చెప్పారట, మైఖేలాంజెలోకి కూడా ఆ కప్పు మీద మొదట్లో ఇదే కష్టం వచ్చింది, గిలాబులో తడి ఎక్కువై బొమ్మ మీద బూజు పట్టింది, నావల్ల కాదని పోప్‌తో చెప్పేసే దాకా వచ్చింది, అప్పుడు సంగాల్లో అనే భవనాల మేస్త్రి వచ్చి మందు చెప్పి పని నిలబెట్టాడు అని. రెండోసారి వేసిన పలకలు నిలబడ్డాయి. లియోనార్డో యుద్ధం బొమ్మ మాత్రం నిలబడలేదు. ఆయన కొత్త పద్ధతి ప్రయత్నించి గోడ ఆరడానికి నిప్పుల కుంపట్లు పెడితే రంగులు కారిపోయాయి, బొమ్మ ఆగిపోయింది. మిలాన్‌లో 1495 నుంచి 1498 దాకా ఆయన వేసిన ఏసు చివరి విందు బొమ్మ కూడా పొడి గోడ మీద వేసింది కాబట్టి ఆయన బతికుండగానే పెచ్చులూడటం మొదలైంది. ఇవన్నీ తన పలక పగిలి ఏడ్చిన పిల్లకు ఆ మర్నాడే చెప్పడం వేరు, పరీక్షకని బట్టీ పట్టించడం వేరు.

బాగాలేనివి కూడా చెప్పాలి, కొన్ని గట్టిగానే చెప్పాలి.

మొదటిది, కథలో చెల్లె ఉంది గానీ ఆ చెల్లె కలిసిన కళాకారుల్లో ఒక్క ఆడమనిషి లేదు. మా పాప ఐదో రోజునే అడిగింది, ఆడపిల్లల్ని పనికి చేర్చుకోరా అని. ఎక్కువగా చేర్చుకునేవాళ్లు కాదు, అది చరిత్ర, అది చెప్పాల్సిందే. కానీ అక్కడే ఆపేస్తే ఎట్లా? క్రెమోనా నుంచి సోఫోనిస్బా అంగ్విసోలా ఉంది, చిన్న వయసులో ఆమె గీసిన బొమ్మను చూసి మైఖేలాంజెలోనే మెచ్చుకుని ప్రోత్సహించాడు, తర్వాత ఆమె స్పెయిన్ రాజు ఆస్థానానికి వెళ్లింది. అదే ఫ్లోరెన్స్‌లో ప్లౌటిల్లా నెల్లి అనే సన్యాసిని ఉంది, మఠంలో ఉంటూనే ఏడు మీటర్ల చివరి విందు బొమ్మ వేసి దాని మీద తన సంతకం పెట్టింది. వాళ్లిద్దరూ 1504కి పుట్టలేదని మేడం అన్నారు. కాలంలో వెనక్కి 1420కి, ముందుకు 1512కి పోగలిగిన పిల్లలు ఇంకొక యాభై ఏళ్లు ముందుకు పోలేరా? ఈ మాట నేను ఆమెతో నేరుగానే అన్నాను, దసరాకు కలుపుతామన్నారు, కలపాలి.

రెండోది, సిస్టీన్ చాపెల్ భాగంలో మైఖేలాంజెలో వెల్లకిలా పడుకుని కప్పు మీద బొమ్మలేసినట్టు కథ చెప్పి, పిల్లల్ని టేబుళ్ల కింద పడుకోబెట్టి గీయించారు. పిల్లలకు సరదాగానే ఉంది కానీ అది తప్పు. 1508 నుంచి 1512 దాకా ఆయన నిలబడి, తల వెనక్కి వంచి వేశాడు, ముఖం మీద రంగు కారుతోందని, మెడ పట్టేసిందని తానే ఒక పద్యం రాసి, ఆ పద్యం పక్కనే, నిలబడి బొమ్మ వేస్తున్న మనిషిని గీశాడు. మిగతా అంతా ఇంత జాగ్రత్తగా చెప్పినవాళ్లు ఇక్కడ సినిమా నమ్మకాన్ని ఎందుకు వదల్లేదో తెలియదు. పిల్లల్ని నిలబెట్టి పైన కాగితం అంటించి గీయిస్తే ఆ మెడనొప్పి వాళ్లకే తెలిసేది, అది ఇంకా బాగుండేది.

మూడోది కథకు సంబంధించింది. మొదటి రోజు క్లాక్ టవర్ తలుపు దగ్గర ఒక నియమం పెట్టారు, వెళ్లిన కాలంలో దేన్నీ మార్చకూడదు, మారిస్తే తలుపు మూసుకుంటుంది అని. బాగుంది. కానీ నాలుగు రోజులకే అన్న వెరోక్కియో పటంలో ఒక ఆకు వేసేస్తాడు, ఏమీ కాదు. ఎనిమిదో తరగతి పిల్లలు ఇట్లాంటివి వదలరు, మా వాడు అడిగితే అది చిన్న ఆకే కదా అని దాటేశారట. నియమం పెట్టాక నిలబెట్టాలి, లేకపోతే చివరి రోజు తలుపు మూసుకుపోతుందన్న భయం పెద్దపిల్లల్లో పోతుంది. వాళ్లలో పోయింది కూడా. చిన్నవాళ్లు మాత్రం చివరిదాకా ఊపిరి బిగబట్టి విన్నారు. కాలం ముందుకు వెనక్కి పోతుంటే గోడ మీద ఒక పొడవాటి గీత గీసి ఏళ్లు రాసిపెట్టినా సగం తికమక పోయేది. ఇటలీ పేర్లు కూడా ఒకేసారి ఏడెనిమిది వస్తే పిల్లలకు ఎవరు ఎవరో గుర్తుండదు.

వసతి గురించి రెండు మాటలు. మే నెల నల్లగొండ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పైన రేకుల వరండాలో తొమ్మిదిన్నర దాటితే కూర్చోలేం, కూలర్ ఒక్కటే, కరెంటు పోతే అదీ లేదు. ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు వదిలేయాలి. నీళ్లు, మజ్జిగ మాత్రం బాగా చూసుకున్నారు. ఫీజు సామాన్లతో కలిపి రెండు వేలు, అన్నదమ్ముల పిల్లలకు, అక్కచెల్లెళ్ల పిల్లలకు తగ్గిస్తారు. ఇచ్చినదానికి మించే చేశారని నా అభిప్రాయం. బొమ్మల ప్రింట్లు మసకగా ఉన్నాయి, అంత మంచి చిత్రాల గురించి చెప్పి వాటిని బూడిదరంగు జిరాక్సులో చూపించడం అన్యాయం, ఒక వంద ఎక్కువ తీసుకున్నా సరే కలర్‌లో ఇవ్వండి.

ఇంకొకటి నేను కోరుకునేది ఉంది. మైఖేలాంజెలో ఆ కప్పు మీద ఉన్న రోజుల్లోనే, 1509లో, కృష్ణదేవరాయలు పట్టానికి వచ్చాడు. ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే పిల్లలకు ఆ కాలం చప్పున దగ్గరయ్యేది. మన పానగల్లు ఊరికి ఆనుకునే ఉంది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళుల కాలంది, సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలో పడే నీడ మాత్రం కదలదు. కిటికీ అద్దం మీద వీధిని గీసిన పిల్లల్ని మర్నాడు అక్కడికి తీసుకుపోయి, స్తంభాలు ఎక్కడున్నాయి, వెలుతురు ఎటునుంచి వస్తోంది, నీడ ఎందుకు కదలడం లేదు అని వాళ్లతోనే గీయించి చూడొచ్చు కదా. పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం కూడా అక్కడే ఉన్నాయి. క్లాక్ టవర్ తలుపు ఫ్లోరెన్స్‌కి తెరుచుకున్నప్పుడు పానగల్లుకు ఎందుకు తెరుచుకోదు? నేను మా ఇద్దర్నీ ఒక ఆదివారం తీసుకెళ్లాను. మా పాప స్తంభాల మధ్య దారం పట్టుకుని నిలబడింది, పూజారి గారు ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే ఆల్బెర్టి గురించి చెప్పడం మొదలుపెట్టింది, ఆయన ఓపిగ్గా విన్నారు, అందుకు ఆయనకు నా నమస్కారం.

మొత్తానికి పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లు పంపండి, నేను దసరాకు మళ్లీ పంపుతున్నాను. బొమ్మలు రాని పిల్లలైనా పర్వాలేదు, మా అక్క కొడుకుకు గీత కూడా సరిగ్గా రాదు, వాడు కప్పీలు, గేర్ల దగ్గరే ఉండిపోయాడు, దానికి కూడా అక్కడ చోటుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఈ బ్యాచ్ సరిపడదు. ఈసారి అందర్నీ కలిపి కూర్చోబెట్టారు, చిన్నవాళ్లు రెండో గంటకే విసుగెత్తి రంగులు ఒలకబోశారు, వాళ్లను చూసుకోవడంతోనే సార్‌కి సరిపోయింది. వాళ్లకు వేరే బ్యాచ్ పెడతామని చెప్పారు. పెట్టారో లేదో కనుక్కుని, పెట్టకపోతే ఆ వయసు పిల్లల్ని ఈ దసరాకు పంపకండి.